సముద్రం మీద పూర్తి రోజు: అమ్మానాన్నలను ఓడ ఎక్కించవచ్చా?

అల్లవరం అమ్మాయి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. వచ్చే మాఘమాసంలో మా నాన్నగారి షష్టిపూర్తి. ఇంటి దగ్గర పూజ, భోజనాలు అయ్యాక అమ్మానాన్నలను విశాఖ నుంచి బయలుదేరే ఓడ ఎక్కించి పుదుచ్చేరి, చెన్నై వైపు తీసుకెళ్దామని అన్నయ్యా నేనూ అనుకుంటున్నాం. మాది ఓడలరేవు పక్క ఊరు. నాన్న పుట్టి పెరిగింది సముద్రపు హోరు వింటూనే, కానీ ఒడ్డు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. కొబ్బరితోట, చేపల చెరువు, ఇల్లు, అదే ఆయన లోకం.

ప్రయాణం కాగితంలో ఒక రోజు మొత్తం ఏ రేవూ లేదు. పొద్దున్న నుంచి రాత్రి దాకా నీళ్ళ మీదే. ఆ రోజు గురించే నా టెన్షన్. నాన్న ఒకచోట కూర్చోలేరు. అమ్మకు షుగర్, మోకాళ్ళ నొప్పులు. పైగా 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన వార్తలు టీవీలో చూసిన దగ్గర నుంచి అమ్మ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కూడా ఎక్కట్లేదు. నర్సాపురం వెళ్ళాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది. అలాంటి మనిషిని చుట్టూ గట్టు కనపడని చోట రోజంతా ఉంచడం న్యాయమేనా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి, ఆ రోజు ఎలా గడుస్తుంది?

మలికిపురం మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:25

అమ్మా, తప్పకుండా తీసుకెళ్ళు. మా ఆవిడా నేనూ వెళ్ళాం. రేవులో దిగి చూసిన ఊళ్ళకంటే ఏ రేవూ లేని ఆ రోజే మాకు ఎక్కువ నచ్చింది. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు రోజు రాత్రే గదికి ఒక కాగితం వస్తుంది. మర్నాడు ఏ అంతస్తులో ఏ గంటకు ఏముందో అందులో ఉంటుంది. పొద్దున్న యోగా, తర్వాత వంట చూపించడం, తంబోలా, పాటల పోటీ, సాయంత్రం నాటకశాలలో ప్రదర్శన. కొత్తగా వెళ్ళిన వాళ్ళు ఆ కాగితం పట్టుకుని ఒక్కటీ వదలకుండా పరుగులు పెడతారు. మీరు అలా చెయ్యకండి. పొద్దుటిపూట ఒకటి, సాయంత్రం ఒకటి ఎంచుకోండి, చాలు.

పెద్దవాళ్ళకు తెల్లవారుజామున మెలకువ ఎలాగూ వస్తుంది. ఐదుంపావుకి పైకి వెళ్తే డెక్ మీద గచ్చు కడిగే సిబ్బంది తప్ప ఎవరూ ఉండరు. విశాఖ నుంచి దక్షిణానికి వెళ్తుంటే తూర్పు ఎడమచేతి వైపు వస్తుంది. కుర్చీ అటు తిప్పుకుని మీ నాన్నగారిని కూర్చోబెట్టండి. ఒడ్డున చూసే సూర్యోదయమే అయినా, చెట్టూ గట్టూ ఏదీ అడ్డం లేకుండా నీళ్ళ గీత మీద నుంచి లేవడం వేరుగా ఉంటుంది. ఏడింటికల్లా టిఫిన్ ముగించండి. ఎనిమిదిన్నర దాటితే పళ్ళెం పట్టుకుని చోటు కోసం వెతుక్కోవాలి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు అది కష్టం.

మీ నాన్నగారికి నడక ఉంటే దిగులే లేదు. ఓడ చుట్టూ బారుగా నడిచే దారి ఉంటుంది. పదకొండు నుంచి మూడింటి దాకా ఎండ తీవ్రం. ఆ వేళ లోపల కిటికీల పక్కన సోఫాలుంటాయి, భోంచేసి ఒక కునుకు తియ్యొచ్చు. నాలుగు తర్వాత మళ్ళీ పైకి. ఆ సాయంత్రమంతా మా ఆవిడా నేనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఉద్యోగం, పిల్లల చదువులు, తోట తగాదాల్లో పడి అంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఎన్నడో మాకు గుర్తు లేదు. ఫోను మోగదు, ఎవరూ తలుపు కొట్టరు.

కొత్తపేట శ్రీను
శుక్రవారం, రాత్రి 11:02

నా అభిప్రాయం వేరండి. మనిషికి అంత డబ్బు పోసి, చివరికి కూర్చుని నీళ్ళు చూడటమేనా? నీళ్ళు చూడాలంటే దిండిలో హౌస్‌బోటు ఉంది. రాత్రి దాని మీదే పడుకోవచ్చు. రెండు వైపులా కొబ్బరి చెట్లు కనపడతాయి కాబట్టి అమ్మగారికి భయం ఉండదు, భోజనం మన పద్ధతిలో ఉంటుంది, తేడా వస్తే అరగంటలో రాజోలు ఆసుపత్రి. ఓడలో టికెట్టుతో ఖర్చు ఆగదు. ఇంటర్నెట్ వేరు, చాలా పానీయాలు వేరు, సర్వీసు ఛార్జీ వేరు. అన్నీ గది కార్డు మీదకే ఎక్కుతాయి కనక దిగే రోజు దాకా లెక్క తెలియదు. మిగిలిన డబ్బుతో పెద్దవాళ్ళకు మంచి తీర్థయాత్ర చేయించవచ్చు.

లేసు అక్క, నర్సాపురం
శనివారం, ఉదయం 6:50

శ్రీనూ, దిండి నాకూ ఇష్టమే, ఏటా పిల్లల్ని తీసుకెళ్తాను. కానీ ఆ అమ్మాయి అడుగుతున్నది నాన్నకు సముద్రం చూపించడం గురించి. ఖర్చు విషయం మాత్రం నువ్వు చెప్పింది నిజం. రోజూ రాత్రి రిసెప్షన్‌లో కార్డు చూపించి బిల్లు కాగితం అడిగితే అప్పటిదాకా అయినది ఇస్తారు. మేం అలాగే చేశాం.

చెల్లీ, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని చెబుతాను. గదిలో బాత్రూంకి గడప ఎత్తుగా ఉంటుంది. బయట డెక్ మీదికి వెళ్ళే తలుపులకీ అంతే. రాత్రి నిద్రలో లేచిన మనిషి తట్టుకుని పడే చోటు అదే. మొదటి రోజే అమ్మకు చూపించి, బాత్రూం లైటు రాత్రంతా వేసి ఉంచండి. స్నానానికి బకెట్టు, చెంబు ఉండవు, షవరే. అది చిన్న గాజు అర, అమ్మ నిలబడటానికి పట్టుకునే కమ్మీ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. డెక్ తలుపు గాలికి బరువుగా ఉంటుంది, అమ్మ చేత తోయించవద్దు. గది లిఫ్టుకి దగ్గరగా తీసుకోండి. ఆ నడవాలు చాలా పొడుగు.

భోజనం. అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయి, శాకాహారం విడిగా ఉంటుంది. కానీ అన్నం పలుకుగా ఉంటుంది. మా అత్తగారికి మెత్తగా కావాలంటే రెస్టారెంటులో పెద్దాయనకు ముందు రోజే చెప్పాను, మర్నాటి నుంచి వేరుగా వండించి తెచ్చారు. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళయితే టికెట్టు తీసుకున్నప్పుడే రాసి పంపాలి. ఆవకాయ సంగతి: ఇంట్లో చేసిన తిండి చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. సీసా తీసుకెళ్ళి గేటు దగ్గర వదిలేసి రావడం బాధగా ఉంటుంది, అందుకే ముందే కంపెనీ వాళ్ళను అడగండి. కెటిల్, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే రాడ్డు అసలే పెట్టవద్దు.

ఇంజన్ రూమ్
శనివారం, మధ్యాహ్నం 1:15

మాది భీమవరం. సరకు ఓడల్లో ఇంజనీరుగా చేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. అమ్మగారి భయం గురించి రాస్తాను, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కచ్చులూరులో పోయిన వాళ్ళలో మనకు తెలిసిన కుటుంబాలున్నాయి. ఆ భయానికి కారణం ఉంది.

కానీ నది మీద పర్యాటక పడవకూ సముద్రం మీద ప్రయాణికుల ఓడకూ నియమాలు పూర్తిగా వేరు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కూర్చుని సోలాస్ అనే ఒప్పందం రాసుకున్నాయి. తర్వాత దాన్ని ఎన్నోసార్లు గట్టిపరిచారు. దాని ప్రకారం అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలో ఎక్కిన ప్రతి మనిషికీ ప్రాణరక్షణ పడవల్లో, తెప్పల్లో చోటు ఉండి తీరాలి. అది కాక ఇంకో పాతిక శాతం మందికి అదనంగా తెప్పలు ఉండాలి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా రాయిని కొట్టుకున్నాక ఇంకో మార్పు వచ్చింది. ప్రయాణికులకు అత్యవసర శిక్షణ ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో ఇచ్చెయ్యాలి. ఏడు పొట్టి కూతలు, ఆ వెంట ఒక పొడుగు కూత వినిపిస్తే అందరూ తమకు చెప్పిన చోటికి చేరాలి.

చాలామంది ఆ శిక్షణను మొక్కుబడిగా చూస్తారు. మీరు అలా చెయ్యకండి. అమ్మగారిని పక్కన నిలబెట్టుకుని, గది నుంచి ఆ చోటికి మెట్ల దారిలో ఒకసారి నడిపించండి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో ఆవిడ చేతే తీయించి, తొడిగించి చూపించండి. పైన వేలాడే ఆ నారింజ రంగు పడవలు చూపించి అవి ఎందుకో చెప్పండి. కళ్ళతో చూసిన మనిషికి ధైర్యం వస్తుంది, మాటలతో రాదు.

ఊగడం గురించి. పెద్ద ప్రయాణికుల ఓడలకు నీళ్ళ కింద రెండు వైపులా రెక్కలుంటాయి, ఓడ పక్కలకు ఒరగడాన్ని అవి చాలావరకు తగ్గిస్తాయి. ముందుకూ వెనక్కూ ఎగిరే కదలికను మాత్రం అవి ఆపలేవు. అందుకే గది ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. ముక్కు దగ్గరా, పై అంతస్తుల్లోనూ ఎక్కువ తెలుస్తుంది. బాల్కనీ గది అంటే పైన ఉంటుంది కాబట్టి ధరతో పాటు కదలికా ఎక్కువే. నా ఓటు కిందనున్న కిటికీ గదికి. అసలు కిటికీ లేని గది అమ్మగారికి వద్దు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు, మెలకువ రాగానే కంగారు పడతారు.

అల్లవరం అమ్మాయి
శనివారం, రాత్రి 8:05

మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా సంతోషంగా ఉందండీ. మాస్టారు గారు రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ఓడ మన ఊరి ముందు నుంచే వెళ్తుంది కదా, అంతర్వేది దీపస్తంభం, మన తోటలు ఓడ మీద నుంచి కనపడతాయా? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంజన్ రూమ్ గారూ, మీరు చెప్పగలరా?

ఇంజన్ రూమ్
శనివారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న అడిగారు మీ నాన్నగారు. ఓడలు మన డెల్టాకు దగ్గరగా రావు. గోదావరి తెచ్చి పోసిన మట్టి, ఇసుక నది సముద్రంలో కలిసే నోళ్ళ ముందు దిబ్బలుగా ఉంటాయి, అవి చోటు మారుతుంటాయి కూడా. 1867లో సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక గోదావరి ముఖం దగ్గర అలాంటి మెట్ట మీదకెక్కి పగిలిపోయింది. ఆ మెట్టకూ, తర్వాత వచ్చిన దీపస్తంభానికీ ఆ పేరే నిలిచింది. అప్పటి నుంచి నావికులకు మన తీరం అంటే దూరంగా ఉండాల్సిన తీరం.

ఇక చూపు. నీళ్ళ పక్కన నిలబడ్డ మనిషికి నీటి అంచు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ముప్పై మీటర్ల ఎత్తున డెక్ మీద నిలబడితే దాదాపు ఇరవై కిలోమీటర్లు. విశాఖ వెనక కొండలున్నాయి కనక చాలాసేపు కనపడుతూనే ఉంటుంది. మనది చదునైన నేల, కొబ్బరి తలలు తప్ప పైకి లేచేది లేదు. పైగా విశాఖలో సాయంత్రం బయలుదేరితే కోనసీమ ఎదుటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఓడ వేగం పద్దెనిమిది నాట్లు (ఓడల వేగం కొలిచే లెక్క) అనుకుంటే గంటకు సుమారు 33 కిలోమీటర్లు, మీరే లెక్క వేసుకోవచ్చు. కుడివైపు డెక్ మీద నిలబడితే చమురు, గ్యాస్ తవ్వే వేదికల దీపాలు కనపడవచ్చు. మీ నాన్నగారు రాత్రి ఓడలరేవు ఒడ్డున నిలబడి చూసే దీపాలు అవే కదా. ఈసారి వాటిని అవతలి వైపు నుంచి చూస్తారు. ఫోనులో మ్యాప్ ముందే దించి పెట్టుకోండి. నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మన ఊరు ఎటు ఉందో చూపిస్తుంది.

ఫోనంటే గుర్తొచ్చింది. ఒడ్డు దాటాక ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుకి ఫోను తనంతట తనే తగులుకుంటే రోమింగ్ బిల్లు దారుణంగా వస్తుంది. ఓడ ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి.

పల్లిపాలెం
ఆదివారం, ఉదయం 5:55

మా వాళ్ళు అంతర్వేది నుంచి వేటకు వెళ్తారు. సముద్రంలో రోజంటే మా ఇళ్ళల్లో పని దినమే. కానీ మీ నాన్నగారి కోరిక నాకు బాగా అర్థమైంది. గట్టు మీద నుంచి చూసిన సముద్రం వేరు, లోపలి సముద్రం వేరు. వరద రోజుల్లో గోదారి ఎర్రనీళ్ళు చాలా దూరం లోపలికి వస్తాయి. అవి దాటాక పచ్చగా, ఇంకా లోపలికి పోతే ముదురు నీలంగా మారుతుంది. ఓడ ముక్కు పక్కన నిలబడి కిందికి చూస్తే ఎగిరే చేపలు గుంపుగా లేచి నీళ్ళ మీద జారుకుంటూ పోతాయి. పొద్దున, సాయంత్రం చూడమనండి. తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది చలికాలం చివర్లో, ఆ రోజుల్లో నీళ్ళపై తేలుతూ కనపడతాయి.

ఒక మనవి. రైల్లో గోదారి వంతెన మీద పైసలు వేసినట్టు ఓడ మీద నుంచి ఏదీ వెయ్యకండి. పువ్వులు చుట్టిన ప్లాస్టిక్ కవరు అసలే వద్దు. మా వలల్లో ఇప్పుడు చేపతో పాటు ఎంత ప్లాస్టిక్ వస్తోందో చూస్తే కడుపు మండుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాకు వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే రాత్రి మర పడవల దీపాలు కనపడవు. జూన్ మధ్య తర్వాత అయితే మా వాళ్ళ దీపాలు ఉంటాయి.

ఫెర్రీ రోడ్, యానాం
ఆదివారం, ఉదయం 10:20

ఈ చర్చ చదువుతుంటే మా ముత్తాతలు గుర్తొచ్చారు. మన డెల్టా వాళ్ళకు ఓడ ప్రయాణం కొత్త కాదండీ. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, బాగుచేసే రేవు. ఆ తర్వాత కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఆవిరి ఓడల్లో వేలమంది రంగూన్ వెళ్ళారు, బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి. అక్కడ మనవాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. వాళ్ళకు గది లేదు, మంచం లేదు. డెక్ మీద చాప పరుచుకుని, మూట తల కింద పెట్టుకుని రోజుల తరబడి ఆ సముద్రం మీదే. వానొస్తే తడవడమే. 1930లో రంగూన్ రేవులో మన కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చాక ఓడ దొరకని వాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు.

మా ఇంట్లో అలా తిరిగి వచ్చిన వాళ్ళున్నారు. ఇంట్లో పెద్దలు చెప్పిన ఆ కథలన్నీ డెక్ మీద రాత్రుల గురించే. అందుకే నేను ఓడ ఎక్కినప్పుడు స్విమ్మింగ్ పూల్ దగ్గర కన్నా రెయిలింగ్ పక్కనే ఎక్కువసేపు ఉన్నాను. అదే బంగాళాఖాతం. అల్లవరం అమ్మాయి గారూ, మీ ఊళ్ళో కూడా రంగూన్ వెళ్ళొచ్చిన ఇళ్ళు ఉండి ఉంటాయి. బయలుదేరే ముందు నాన్నగారిని అడగండి, ఎవరి పేర్లయినా చెబుతారేమో రాసిపెట్టుకోండి.

రావులపాలెం సిస్టర్
ఆదివారం, మధ్యాహ్నం 2:40

నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి అమ్మగారి షుగర్ గురించి చెప్పాలి. మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు ఓడ వాళ్ళు తీసుకుని గదికి చేర్చేసరికి గంటలు పడుతుంది. ఇన్సులిన్ అయితే గదిలో చిన్న ఫ్రిజ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ ఫీజు ఎక్కువ, కాబట్టి ప్రయాణ బీమా తీసుకోండి.

వాంతుల మాత్రలు చాలామంది కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటారు. అప్పటికి ఆలస్యమైనట్టే, ఓడ కదలక ముందే వేసుకోవాలి. మనకు మామూలుగా దొరికే అవోమిన్ మత్తు తెస్తుంది. పెద్దవాళ్ళు తూలి పడే ప్రమాదం ఉంది. కంటిలో నీటికాసులు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువ తిప్పుతుంది. ఇడ్లీ, మజ్జిగన్నం లాంటివి కొద్దికొద్దిగా తింటుండాలి. అల్లం ముక్క కొందరికి బాగా పనిచేస్తుంది. తిప్పినట్టనిపిస్తే గదిలో పడుకోకుండా డెక్ మీదికి వచ్చి దూరంగా నీటి అంచు మీద చూపు నిలపాలి. ఫోను చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బఫేకి వెళ్ళే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడల్లో త్వరగా పాకుతుంది.

కొత్తపేట శ్రీను
ఆదివారం, సాయంత్రం 6:10

యానాం గారి పోస్టు చదివాక నాకూ వెళ్ళాలనిపించింది, నిజంగానే. ఖర్చు గురించి నా మాట అలాగే ఉంది. ఇంకో సంగతి, కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన సముద్రాన్ని నమ్మలేం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్న వాళ్ళెవరికీ ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి, తోటలో నిలబడ్డ చెట్టు లేదు. మీరు మాఘమాసం అన్నారు కాబట్టి పర్లేదు, కానీ అప్పుడు విశాఖ నుంచి ఓడ ఉంటుందా?

ఇంజన్ రూమ్
ఆదివారం, సాయంత్రం 7:45

శ్రీను గారు సరైన చోట పట్టుకున్నారు. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది, కానీ ఏడాది పొడుగునా ఓడలు లేవు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు నడిచింది. అది 1990లో కట్టిన ఓడ. నైరుతి రుతుపవనాలప్పుడు అరేబియా సముద్రం బాగా రేగుతుంది, పడమటి తీరం మీద గాలీ అలలూ నేరుగా కొడతాయి. అందుకని ముంబై, గోవా వైపు తిరిగే ఓడను ఆ నెలల్లో మన తూర్పు తీరానికి తెస్తారు. చలికాలంలో మళ్ళీ అటే. కాబట్టి మాఘంలో కావాలంటే ముంబై వెళ్ళి ఎక్కాలి. విశాఖే కావాలంటే వేసవి చివర దాకా ఆగి, ఆ ఏడాది షెడ్యూలు చూసుకోవాలి. అల్పపీడనం వస్తే రేవు మానేసి ఇంకో రోజు సముద్రం మీదే ఉంచే హక్కు కెప్టెన్‌కి ఉంటుంది, అది ముందే తెలిసి ఉండటం మంచిది.

మలికిపురం మాస్టారు
ఆదివారం, రాత్రి 8:30

ఒకటి మర్చిపోయాను. షష్టిపూర్తి యాత్ర కదా, అమ్మగారు గదిలో దీపం పెడతానంటారు. దీపం, అగరుబత్తి, కర్పూరం ఏదీ వెలిగించనివ్వరు. సముద్రం మీద నిప్పుకు మించిన భయం లేదు, ఆ నియమం మన మంచికే. బ్యాటరీ దీపం తీసుకెళ్ళండి. మీ నాన్నగారు సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవారైతే గదిలోనే గిన్నెలోకి వదలవచ్చు.

అల్లవరం అమ్మాయి
సోమవారం, రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని మొత్తం చదువుకున్నాం. ముంబై వద్దని నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. వెళ్తే మన తీరం పక్క నుంచే వెళ్ళాలట. కాబట్టి పూజ మాఘంలో, ప్రయాణం విశాఖ నుంచి ఓడ మొదలయ్యాక. రంగూన్ సంగతి అడిగితే మా ఊళ్ళో రెండు ఇళ్ళ పేర్లు చెప్పారు. ఇన్నాళ్ళూ మాకు తెలియనే తెలియదు.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, కానీ కాదనలేదు. ఇంజన్ రూమ్ గారు రాసిన ప్రాణరక్షణ పడవల లెక్క రెండుసార్లు చదివించుకుంది. ముందుగా సఖినేటిపల్లి నుంచి నర్సాపురం పంటు మీద ఒకసారి దాటుదాం, లేసు అక్క గారి ఊరు చూసినట్టూ ఉంటుంది అంటే సరే అంది. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. అక్కా, మీరు ఊళ్ళో ఉంటారా?

ఇంకొక్క సందేహం. అమలాపురానికి రైలు లేదు కదా, విశాఖకి ఎలా వెళ్తే అమ్మకు తేలిక?

లేసు అక్క, నర్సాపురం
సోమవారం, రాత్రి 9:50

ఉంటాను చెల్లీ, అమ్మను తిన్నగా మా ఇంటికే తీసుకురా. భోజనం ఇక్కడే. ఉదయం తొమ్మిదిలోపు రేవు దగ్గరకు వస్తే పంటు మీద రద్దీ తక్కువ, అమ్మకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ఇంజన్ రూమ్
సోమవారం, రాత్రి 10:20

కారులో సామర్లకోట వరకు, అక్కడి నుంచి రైలు. ఓడ బయలుదేరే రోజు కాకుండా ముందు రోజే విశాఖ చేరి ఉండండి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. టికెట్టు డబ్బు కట్టే ముందు గదుల పటం ఇక్కడ పెట్టండి. నడిమి భాగం, కింది అంతస్తు, లిఫ్టు దగ్గర, వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, ఈ నాలుగూ కుదిరే గది నేను చూసి చెబుతాను.